అక్షరానికి పదిహేను

చీమకుర్తిలో మాది రాతి మీద రాత.
రామతీర్థం క్వారీ నుంచి పలక పెళ్ళగిల్లి వస్తే
దాని నల్లటి ఒంట్లో రాగిరంగు చుక్కలుంటాయి.
మేలురకం ఓడెక్కి పోతుంది.
అంచు విరిగిందీ, జీర పడిందీ
మా షెడ్డుకొస్తుంది, సమాధుల కోసం.

నా పేరు మౌలాలి. దూదేకులవాణ్ణి.
మా తాత దూది ఏకాడు, నేను రాయి ఏకుతున్నా.
ఒంగోలు చుట్టుపక్కల క్రైస్తవుల రాళ్ళు
నాకు చూడకుండా వచ్చు.
పైన సిలువ, కింద తండ్రి కుమార పరిశుద్ధాత్మ,
ఆ కింద పుట్టింది, పోయింది.
పేరొక్కటే మారుతుంది. స్టెన్సిల్ అదే.

హబక్కూకు మాస్టారు
తన రాయి తనే చెప్పుకోడానికొచ్చాడు.
కాళ్ళకి టిప్పర్ల దుమ్ము, చంకలో గొడుగు,
కాగితం మీద రెండే ముక్కలు:
దేవుడొక్కడే.
ఏసు ఆయన దారి చూపినవాడు.

"ముగ్గురి మాట మర్చిపోయినట్టున్నారు సార్."
"మర్చిపోలేదు. నలభై ఏళ్ళు వెతికా.
ముగ్గురు కలిస్తే ఒక్కడనే లెక్క
ఏసు నోట నాకు దొరకలేదు."

లోపల ఆశ పుట్టింది, దాచుకోలేకపోయా.
"అయితే మీరు మావాళ్ళే కదా సార్?"
నవ్వాడు.
"మీ గుమ్మం దాకా వస్తా మౌలాలీ, లోపలికి రాను.
కొండ మీద ఆయన చెప్పిన మాటల దగ్గరే కూచుంటా.
ఆయనకి మొక్కను.
ఆయన మొక్కినవాడికి మొక్కుతా."

అలాంటోళ్ళని యూనిటేరియన్లంటారట.
రెండుసార్లు చెప్పించుకుంటేగాని నోరు తిరగలేదు.
క్రైస్తవం ఇంట్లోనే పుట్టారట,
కొందరు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నామంటారట,
కొందరు గడప దాటి,
మంచి మాట ఏ గ్రంథంలో ఉన్నా మాదే,
మనస్సాక్షి ఒప్పాలి అంతే, అంటారట.
మద్రాసులో వాళ్ళకో చిన్న చర్చి ఉందట, పాతది.
"మరి మీరెక్కడ సార్?"
"నేనా? ఎప్పట్లాగే.
మా బాప్టిస్టుల బెంచీ మీద, కిటికీ పక్కన."

టీ తాగుతూ ఇంకో సంగతి చెప్పాడు.
ఎక్కడో జెనీవాలో, కొన్ని వందల ఏళ్ళ కింద,
ఒక వైద్యుణ్ణి కట్టెల మధ్య నిలబెట్టారట.
మంటలోంచి ఆయన కేక:
నిత్య దేవుని కుమారుడా!
దేవుని నిత్య కుమారుడా అనుంటే
బతకనిచ్చేవాళ్ళేమో.

గ్లాసు కింద పెట్టేశా.
అక్షరాలమ్ముకు బతికేవాణ్ణి,
తొమ్మిదక్షరాలు ఎటు పేర్చినా
నూట ముప్పై అయిదే.

మాస్టారివి పదిహేడు. రెండొందల యాభై అయిదు.
మూడొందలిచ్చాడు.
"మిగిలినదానికి ఇంకో మూడక్షరాలొస్తాయి, వెయ్యనా?"
"మూడు మాత్రం వద్దులే" అని గొడుగు విప్పాడు.

మొన్న వానల్లో పోయాడు.
రాయి దించుతుంటే ఆయన భార్య సీయోనమ్మ
తడిచేత్తో ఆ రెండు వరుసలూ తడిమింది.
"ఆదివారం ఆఖరి పాటలో
ఆ ముగ్గురి చరణం రాగానే నోరు మూసేవాడయ్యా.
ఎవరికీ తెలీకూడదని
పక్కన నేను రెండు గొంతులూ పాడేదాన్ని."

పాస్టరుగారు ఫోను లైటేసి చదివాడు, రెండుసార్లు.
"తప్పేం లేదు" అన్నాడు.
కాసేపాగి, "చాలదు."
నేను పలకని ఇటు తిప్పా.
వెనక కూడా పాలిష్ పట్టి ఉంచా, డబ్బడగలేదు.
"ఇటంతా ఖాళీయేనయ్యా.
చాలనిది ఇక్కడ రాయిస్తారా?"
ఆయన మొహం ఆ నలుపులో కనపడింది,
చుక్కల మధ్య, వానచినుకులతో.
"ఉండనీ" అన్నాడు. దేన్ని ఉండనిమ్మన్నాడో
నేనడగలేదు.

పాటెత్తుకున్నారు.
లారీ పక్కన నిలబడి విన్నా.
ఆ చరణం దగ్గర సీయోనమ్మ
ఒక్క గొంతే పాడింది.

లెక్కపుస్తకంలో మాస్టారి పేరున
నలభై అయిదు ఇంకా జమ ఉంది.